గడియారముతో కొలిచిన కూలి

కూలి వేరు, బిచ్చము వేరు. ఈ భేదము గ్రంథములు చదివి తెలిసికొనవలసినది కాదు. సాయంకాలము పొలము గట్టున కూలిడబ్బులకై నిలిచిన ప్రతి మనుష్యునికి అది తెలియును. బిచ్చమునకు చేయి చాచినవాడు ఇచ్చువాని ముఖము వంక చూచును. కూలికి చేయి చాచినవాడు తన చేతిలో పడిన డబ్బు వంక చూచును. మొదటివానికి ఇచ్చినదే లెక్క. రెండవవానికి రావలసినది లెక్క.

ఈ రెండింటికి నడుమ మూడవ స్థితి యొకటి కలదు. ప్రొద్దు పొడిచినది మొదలు క్రుంకువరకు పని చేసి, కూలి అను పేరిట బిచ్చమంత మొత్తము నందుకొని, అది ఇచ్చినందులకు కృతజ్ఞత కూడ చూపవలసిన స్థితి అది. చూపు లేనివారు, కాలుసేతులు స్వాధీనములో లేనివారు, బుద్ధివికాసము మందగించినవారు అనేక దేశములలో చాలకాలముగా ఈ స్థితిలో ఉన్నారు. వీరిని పూర్వము అవిటివారనిరి, తరువాత వికలాంగులనిరి, మన ప్రభుత్వ పత్రములలో విభిన్న ప్రతిభావంతులనియు, దివ్యాంగులనియు పేర్లు వచ్చినవి. పేరు మారినకొలది గౌరవము పెరిగినదని సంతోషింపవచ్చును. కాని పేరుతోపాటు జీతము పెరిగినదా అనునది వేరు ప్రశ్న.

వికలాంగునకు తక్కువ కూలి ఇచ్చుట చాలచోట్ల ఆచారముగా జరుగును. ఆచారముగా జరుగునది ఎక్కడను వ్రాసి యుండదు కనుక దానిని పరీక్షించుట కష్టము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మాత్రము అది చట్టముగా వ్రాయబడినది. లెక్క వేయు పద్ధతితో సహా అచ్చుపడినది. అందుచేత ముందు ఆ దేశపు అనుభవమును పరిశీలించినచో, మన దేశమున కనబడక జరుగునది కూడ తేటపడగలదు.

దయతో వ్రాసిన మినహాయింపు

1929లో ప్రారంభమైన ఆర్థిక మాంద్యము అమెరికాలో లక్షలాది కుటుంబములను వీథిపాలు చేసినది. పని దొరకుటయే గగనమైన ఆ దినములలో యజమాని చెప్పినదే కూలి. దానికి అడ్డుకట్టగా 1938 జూన్ 25వ తేదీన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు న్యాయమైన కార్మిక ప్రమాణముల చట్టముపై సంతకము చేసెను. గంటకు 25 సెంట్లకు తక్కువ కూలి ఇవ్వరాదని ఆ చట్టము శాసించినది. పసిపిల్లలచేత కర్మాగారములలో పని చేయించుటను అరికట్టినది. ఆ దేశపు శ్రామికులకు అది గొప్ప రక్ష.

కాని ఆ చట్టపు 14వ సెక్షనులో ఒక మినహాయింపు కలదు. వయస్సుచేత గాని, శారీరక మానసిక లోపముచేత గాని, గాయముచేత గాని సంపాదనాశక్తి తగ్గినవారికి, ప్రభుత్వమునుండి ధ్రువపత్రము పొందిన యజమాని కనీస వేతనముకంటె తక్కువ ఇవ్వవచ్చును. ఆ చట్టముపై సంతకము చేసిన రూజ్వెల్టు స్వయముగా 1921లో వ్యాధి సోకి కాళ్ళ స్వాధీనమును కోల్పోయినవాడు. ఊత లేక నిలువలేనివాడు.

ఈ మినహాయింపును ద్వేషముతో వ్రాసిరని తలచుట పొరపాటు. అందరికిని ఒకే కనీస వేతనము ఇవ్వవలసి వచ్చినచో, యంత్రములలో చేతులు పోయినవారిని, చూపు లేనివారిని ఎవ్వరును పనిలోనికి తీసికొనరను భయముతో దానిని వ్రాసిరి. తక్కువ కూలికైనను పని దొరకుట మేలని వారి భావము. వికలాంగులకొరకు ప్రత్యేకముగా పనిశాలలు అంతకు ముందే ఉండెను. బోస్టనులో శామ్యూల్ హోవ్ అంధులకొరకు 1840లోనే ఒకదానిని నెలకొల్పెను. ఇట్టి ఆశ్రయ పనిశాలలే కాలక్రమమున 14వ సెక్షను ధ్రువపత్రములను ఎక్కువగా పొందినవి.

దయ చూపినవారు ఒక సంగతి మరచిరి. ఆ దయ ఎవరికొరకో వారిని అడుగలేదు. వారి మాట వినదలచినచో వినుటకు అవకాశము అప్పటికే వచ్చినది. 1935 మే మాసమున న్యూయార్కు నగరములో కొందరు వికలాంగ యువతీయువకులు సహాయ కార్యాలయములో బైఠాయించి కదలక కూర్చుండిరి. ప్రభుత్వము నిరుద్యోగులకు పని కల్పించుచుండగా, వారి కాగితములపై మాత్రము శరీరలోపము కలవారని ముద్ర వేసి పక్కకు పెట్టుచుండెను. వారు అడిగినది భృతి కాదు, పని. ఆందోళన ఫలితముగా వందల మందికి ప్రభుత్వ పనులలో ఉద్యోగములు లభించినవి. మూడు సంవత్సరములు గడచునప్పటికి వ్రాసిన చట్టములో ఈ స్వరము వినబడదు.

తరువాతి కథ చిన్నది. 1966లో చట్టమును సవరించి, ఇట్టి కార్మికులలో చాలమందికి కనీస వేతనములో సగమునకు తగ్గరాదని హద్దు పెట్టిరి. 1986లో ఆ హద్దును కూడ తొలగించిరి. అనగా కింద నేల లేని గది అయినది. 2001లో అమెరికా కాంగ్రెసు తరఫున లెక్కలు చూచు సంస్థ విచారించి నివేదిక ఇచ్చినది. అప్పటికి సుమారు 4,24,000 మంది ఈ మినహాయింపు క్రింద పని చేయుచుండిరి. వారిలో సగము కంటె ఎక్కువ మందికి గంటకు రెండున్నర డాలర్లు గాని అంతకు తక్కువ గాని ముట్టుచుండెను. అదే సంస్థ 2023లో మరల నివేదించునాటికి సంఖ్య సుమారు 1,20,000కు తగ్గినది; అయినను సగము మందికి గంటకు మూడున్నర డాలర్లకు లోపే. ఆ దేశమున ఫెడరల్ కనీస వేతనము 2009 నుండి గంటకు 7 డాలర్ల 25 సెంట్లు.

లెక్క వేయు విధము

పాఠశాలలో అంకగణితము చదివిన ప్రతివానికి కాలము–పని అను అధ్యాయము జ్ఞాపకముండును. రాముడు ఒక పనిని 10 దినములలో చేయును, సోముడు 15 దినములలో చేయును, ఇద్దరు కలిసి ఎన్ని దినములలో చేయుదురు? అమెరికా పనిశాలలలో కూలి కట్టు పద్ధతి ఈ అధ్యాయమునకు తోబుట్టువు.

ఒక ఉదాహరణము తీసికొందము. పనిశాలలో ఇనుప మరలను లెక్కపెట్టి చిన్న సంచులలో నింపుట పని అనుకొందము. ముందుగా వైకల్యము లేని ఒక మనిషిని కూర్చుండబెట్టి, స్టాప్‌వాచితో కొలుతురు. అతడు గంటకు 100 సంచులు నింపెను. ఆ ప్రాంతములో అట్టి పనికి వైకల్యము లేనివారికి ఇచ్చు కూలి గంటకు 15 డాలర్లు. అనగా సంచికి 15 సెంట్లు. ఇప్పుడు వికలాంగ కార్మికుని కొలుతురు. అతడు గంటకు 20 సంచులు నింపినచో అతనికి గంటకు 3 డాలర్లు. గంటల లెక్కన జీతమిచ్చు పనియైనచో ఆరు మాసములకొకమారు కార్మికుని మరల కొలువవలెనని నియమము.

చూచుటకు ఇందులో దోషమేమియు కనబడదు. చేసినంత పనికి చేసినంత కూలి; ఇంతకంటె న్యాయమేమున్నదని ఎవరికైనను తోచును. లెక్క తప్పు కాదు. లెక్కకు ముందు వేసిన ఎత్తులో తప్పున్నది. దానిని నాలుగు విధములుగా చూడవచ్చును.

మొదటిది, గడియారము ఎవరిమీద పెట్టిరి? సాధారణ కర్మాగారములో చురుకైనవాడును ఉండును, నెమ్మదివాడును ఉండును. ఒక గుమాస్తా గంటలో పది ఉత్తరములు వ్రాయును, ప్రక్కవాడు ఆరే వ్రాయును. వేగము తక్కువవాడు బోనసు పోగొట్టుకొనవచ్చును, ప్రమోషను పోగొట్టుకొనవచ్చును. కనీస వేతనము మాత్రము పోగొట్టుకొనడు. బలహీనుని బేరము అంతకు దిగజారకుండ నిలుపుటకే కదా కనీస వేతనము ఏర్పడినది! అట్టి కట్టును అందరికంటె బలహీనుని యొద్దనే తెంచుట వింత.

రెండవది, గడియారము దేనిని కొలుచుచున్నది? ఒక్క చేతితో పని చేయువాడు సంచి నోరు తెరచి పట్టుకొనుటకే సగము కాలము వెచ్చించును. బల్లకు ఒక చిన్న పట్టుకర్ర బిగించినచో ఆ కాలము మిగులును. చూపు తక్కువవానికి మంచి దీపము, చక్రముల కుర్చీలోనివానికి తగిన ఎత్తు గల బల్ల అమర్చినచో వేగము మారును. స్టాప్‌వాచి మనిషిని మాత్రమే కొలుచుచున్నదని చెప్పుదురు. వాస్తవముగా అది మనిషిని, బల్లను, దీపమును, పనిముట్టును కలిపి కొలుచుచున్నది. కోత పడునది మాత్రము మనిషి జీతములోనే.

మూడవది, ఆ పనిని ఎన్నుకొన్నది ఎవరు? పనిశాలకు ఏ కాంట్రాక్టు వచ్చిన ఆ పనియే అందరికిని. చేతులు వణకువానికి మరలు నింపు పని ఇచ్చి, వేగము లేదనుట, చెవిటివానికి సంగీతము నేర్పి శ్రుతి లేదనుట వంటిది. వానికే తోటపని గాని, తలుపు కావలి గాని, లెక్కల పని గాని ఇచ్చినచో లోపము పనికి అడ్డురాకయే పోవచ్చును.

నాలుగవది, కొలిచినవారు ఎవరు? ఫలితము తక్కువ వచ్చినకొలది ఎవరికి లాభమో వారే కొలత వేయుదురు. ఒహాయో రాష్ట్రములో ముగ్గురు వికలాంగ కార్మికులు తమ కూలిపై ఫిర్యాదు చేసిరి. వారు చేయు పనికి వారి లోపము అడ్డమని యజమాని రుజువు చేయలేకపోయెనని విచారించిన న్యాయాధికారి 2016లో తీర్పు చెప్పి, బకాయిలు చెల్లింపవలసినదిగా ఆజ్ఞాపించెను. ఇది ఆలోచింపదగిన తీర్పు. ఒక మనిషికి లోపము ఉండుట వేరు. అతడు చేయు పనికి ఆ లోపము అడ్డమగుట వేరు.

అటాలిస్సా కొండమీది ఇల్లు

చట్టము దయతో పుట్టినను, దాని చాటున ఏమి జరుగగలదో అయోవా రాష్ట్రములోని అటాలిస్సా అను చిన్న ఊరు చూపినది. 1970ల నుండి టెక్సాసు రాష్ట్రపు ఆశ్రమములలో పెరిగిన బుద్ధిమాంద్యము గల పురుషులను ఒక కంపెనీ అక్కడకు తెచ్చి, ఊరి పాత బడి భవనములో ఉంచినది. వారు ప్రతిదినము తెల్లవారకముందే లేచి, సమీపమున గల టర్కీ కోళ్ళ కర్మాగారమునకు పోయి, కోళ్ళను శుభ్రపరచు పని చేసెడివారు. వారి ప్రక్కన అదే పని చేయు ఇతరులు మామూలు జీతము పొందుచుండిరి. వీరికి ముట్టినది నెలకు 65 డాలర్లు. బసకు, భోజనమునకు, పోషణకు అని మిగిలినది కంపెనీ మినహాయించుకొనెను. సంవత్సరములు గడచినను, పని పెరిగినను ఆ 65 డాలర్లు మారలేదు.

2009లో అధికారులు ఆ ఇంటిలో ప్రవేశించి చూచునప్పటికి కిటికీలకు బల్లలు కొట్టియుండెను. వేడినిచ్చు యంత్రము పాడైయుండెను. ఎటు చూచినను బొద్దింకలు. అందున్నవారిలో కొందరు ముప్పది సంవత్సరములకు పైగా అదే పని చేసి వృద్ధులైరి. 32 మంది తరఫున ప్రభుత్వ సంస్థ దావా వేసినది. వీరు ఇతర కార్మికులతో సమానముగా పని చేసిరి గనుక సమానముగా జీతము రావలసి యుండెనని 2012లో న్యాయస్థానము నిర్ణయించి, 13 లక్షల డాలర్లు బకాయిగా విధించినది. 2013 మే మాసమున జ్యూరీ వారు పడిన బాధలకు పరిహారముగా 24 కోట్ల డాలర్లు ప్రకటించినది. కాని అట్టి కేసులలో చట్టము విధించిన పరిమితి చిన్నది. అందుచేత అది 16 లక్షల డాలర్లకు, అనగా మనిషికి 50 వేలకు తగ్గినది.

ఈ కథలో అన్నిటికంటె దారుణమైనది బొద్దింకలు కాదు. అంతకాలము ఊరివారు, కర్మాగారమువారు, అధికారులు వారిని చూచుచునే యుండిరి. చూచినవారికి అది అన్యాయముగా తోచలేదు. "పాపము, వీరికి ఎవరైనను పని ఇచ్చుటయే గొప్ప" అను భావము అందరి కన్నులకు గంతలు కట్టినది. దయ ఎచ్చటనుండునో అచ్చట లెక్క అడుగుట అమర్యాద అని మనుష్యులు అనుకొందురు.

బడిలోనే మొదలైన తక్కువ కూలి

ఉపాధ్యాయులు గమనింపదగిన మరియొక ఉదంతము రోడ్ ఐలండ్ రాష్ట్రములో బయటపడినది. ప్రావిడెన్సు నగరములోని ఒక ఉన్నత పాఠశాలలో వికలాంగ విద్యార్థులకొరకు పాఠశాలలోనే ఒక పనిశాల నడుపుచుండిరి. పిల్లలు సంచులు కట్టుట, చీటీలు అంటించుట, చేతినగలు కూర్చుట వంటి పనులు చేయుచుండిరి. వారికి గంటకు అర డాలరు మొదలు రెండు డాలర్ల వరకు ఇచ్చుచుండిరని 2013లో ఆ దేశపు న్యాయశాఖ విచారణలో తేలినది. బడి విడిచినవారిలో చాలమంది నేరుగా పెద్దల ఆశ్రయ పనిశాలకు పోవుచుండిరి. బడి వారిని లోకమునకు సిద్ధము చేయలేదు. పనిశాలకు సిద్ధము చేసినది. 2014లో కుదిరిన ఒడంబడిక ప్రకారము ఆ రాష్ట్రము ఇట్టి పద్ధతిని మార్చి, సాధారణ ఉద్యోగములకు తగిన సహాయము ఇచ్చుటకు ఒప్పుకొనినది.

ఇట్టి పిల్లలు నేర్వలేరను మాటకు సమాధానము అంతకు చాలముందే దొరికినది. మార్క్ గోల్డు అను ఆయన మొదట ప్రత్యేక పాఠశాల ఉపాధ్యాయుడు. 1970ల తొలినాళ్ళలో ఆయన ఆశ్రయ పనిశాలలలోని వారికి, మిక్కిలి బుద్ధిమాంద్యము కలవారని ముద్రపడినవారికి, సైకిలు బ్రేకును విడిభాగములనుండి కూర్చుట నేర్పెను. ఆ బ్రేకులో 15 భాగములు. ఆయన చేసినదేమనగా, పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, భాగములలో పైకి ఉండవలసిన ప్రక్కకు రంగు పూసి, మాటలు తగ్గించి చేతితో చూపుట. నేర్వలేరన్నవారు నేర్చిరి. రంగు లేని భాగములతో కూడ తరువాత కూర్చగలిగిరి.

పిల్లవాడు నేర్వకపోయినచో అది వాని లోపమని వ్రాసికొని ఊరకుండుట సులభము. నేర్పు విధానమును మార్చి చూచుట ఉపాధ్యాయుని ధర్మమని గోల్డు వాదించెను. ఆయన ప్రయోగము కూలి ప్రశ్నకు కూడ వర్తించును. పని నేర్పకముందు కొలిచిన వేగము ఎవరి వేగము? నేర్వనివానిదా, నేర్పనివానిదా?

తల్లిదండ్రుల భయము

ఎదుటి పక్షపు మాట కూడ వినవలెను. తక్కువ కూలి పద్ధతిని రద్దు చేయవలెనని వచ్చినప్పుడెల్లను అమెరికాలో అనేకమంది తల్లిదండ్రులు అడ్డు చెప్పిరి. వారు క్రూరులు కారు. నలుబదేండ్ల కొడుకు ప్రతిదినము ఉదయమున భోజనపు డబ్బా చేతబట్టి పనికి పోవును; అక్కడ అతనికి స్నేహితులు కలరు; నెలాఖరున చిన్న చెక్కు తెచ్చి తల్లికి చూపును. పనిశాల మూతపడినచో అతడు ఇంటిలో గోడలు చూచుచు కూర్చుండవలెనని వారి భయము. డబ్బు ముఖ్యము కాదు, కాలక్షేపము, మర్యాద ముఖ్యమని వారు చెప్పుదురు. ఈ మాటను త్రోసిపుచ్చుట తగదు. పనిశాలను మూసి, దాని స్థానమున ఏమియు ఏర్పరుపనిచో వారి భయము నిజమే కాగలదు.

అయినను ఈ వాదములో ఒక మెలిక యున్నది. స్నేహము, కాలక్షేపము మేలైనవే. కాని అవి కూలికి బదులు కావు. ఉపాధ్యాయునికి విద్యార్థుల ప్రేమ లభించుచున్నది గనుక జీతము తగ్గింపవచ్చునని ఎవరైన అన్నచో అంగీకరింతుమా?

వెర్మాంటు రాష్ట్రము 2002లోనే తన చివరి ఆశ్రయ పనిశాలను మూసినది. కాని మూసి ఊరకుండలేదు. ఒక్కొక్కరికి తగిన పనిని వెదకి, పనిచోట కొంతకాలము వెంట నుండి నేర్పు సహాయకులను ఏర్పరచినది. న్యూ హాంప్‌షైరు 2015లో తక్కువ కూలిని చట్టరీత్యా నిషేధించినది. మేరీలాండు 2016లో చట్టము చేసి, క్రమముగా తొలగించినది. మరికొన్ని రాష్ట్రములు అనుసరించినవి. 2014లో ఫెడరల్ చట్టము, 24 సంవత్సరములు మించని యువజనులను ముందుగా ఇతర ఉద్యోగములకు తగిన శిక్షణయు సలహాయు ఇవ్వకుండ తక్కువ కూలి పనిలో చేర్చరాదని కట్టడి చేసినది. 2024 డిసెంబరులో కార్మికశాఖ ఈ ధ్రువపత్రములను క్రమముగా ఆపివేయుటకు ఒక ప్రతిపాదన తెచ్చినది. 2025 జూలైలో దానిని ఉపసంహరించుకొనినది. 1938 నాటి మినహాయింపు ఆ విధముగా ఇంకను పుస్తకములో నిలిచియున్నది.

మరి వేగము నిజముగానే తక్కువైనచో ఆ తేడాను ఎవరు భరింపవలెను? చిన్న యజమాని ఒక్కడే భరింపలేడనుట నిజము. అంతమాత్రమున కార్మికుడు ఒక్కడే భరింపవలెననుట న్యాయము కాదు. స్వీడనులో 1980లో ఏర్పడిన సామ్‌హాల్ అను ప్రభుత్వ సంస్థ వికలాంగులకు పని కల్పించి, కార్మిక సంఘములతో చేసికొన్న ఒడంబడిక ప్రకారమే జీతములిచ్చును; అదనపు వ్యయమును ప్రభుత్వము పూరించును. అనగా లోపము వలన కలుగు నష్టమును దేశమంతయు పంచుకొనును. అమెరికా పద్ధతిలో అది ఒక్కని భుజముపైననే పడును.

మన దేశమున

ఇక మన సంగతి. 1948లో మన దేశమున కనీస వేతనముల చట్టము వచ్చినది. అందులో 26వ సెక్షను ప్రకారము, వికలాంగులైన ఉద్యోగుల వేతనములకు ఆ చట్టము వర్తింపదని ప్రభుత్వము షరతులతో ఆదేశింపవచ్చును. సముద్రములకు ఆవల వ్రాసిన మినహాయింపునకు పది సంవత్సరముల తరువాత ఇచ్చట పుట్టిన చెల్లెలు ఇది. ఆ చట్టము స్థానమున పార్లమెంటు 2019లో వేతనముల స్మృతిని చేసినది.

కనీస వేతనమును తగ్గింపవచ్చునా అను మూలప్రశ్నకు మన సుప్రీంకోర్టు రెండు గొప్ప తీర్పులలో సమాధానమిచ్చినది. అవి వికలాంగుల కేసులు కావు. కాని వాటి తర్కము ఇచ్చటికి చక్కగా వర్తించును. 1982లో ఢిల్లీలో ఏషియాడు క్రీడల నిర్మాణములలో కూలీలకు కనీస వేతనము ఇచ్చుట లేదని ఒక సంస్థ వ్రాసిన ఉత్తరమును కోర్టు పిటిషనుగా స్వీకరించినది. కనీస వేతనముకంటె తక్కువకు ఎవ్వడును ఇష్టపూర్వకముగా పని చేయడు. ఆకలి, పేదరికము నెట్టగా చేయును. అట్టి నిర్బంధము కూడ నిర్బంధమే. కనుక అది రాజ్యాంగములోని 23వ అధికరణము నిషేధించిన వెట్టిచాకిరి యగునని జస్టిస్ భగవతి తీర్పు చెప్పెను.

మరుసటి సంవత్సరము రాజస్థానమునుండి మరియొక కేసు వచ్చినది. కరవు సహాయముగా రోడ్డు వేయించుచు, ఇది సహాయమే కాని ఉద్యోగము కాదను తలంపుతో, ఒక ప్రత్యేక చట్టము చాటున ప్రభుత్వము కూలీలకు కనీస వేతనముకంటె తక్కువ ఇచ్చెను. కూలీలను జట్లుగా చేర్చి, చేసిన పనిని కొలిచి కట్టుట అచ్చటి పద్ధతి. మనుష్యుల నిస్సహాయతను ఆసరా చేసికొని తక్కువ ఇచ్చు అధికారము ప్రభుత్వమునకు లేదని సుప్రీంకోర్టు 1983లో స్పష్టపరచినది. రోడ్డు నిర్మాణమైనది, దానిని ప్రజలు వాడుకొందురు, అట్టియెడ కూలిని దానము అనుటకు వీలులేదు. "పని కల్పించుటయే మేము చేసిన మేలు" అను వాదమునకు ఇంతకంటె తగిన జవాబు లేదు.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 27వ అధికరణము, సమాన విలువ గల పనికి సమాన వేతనమును వికలాంగులకు కూడ హక్కుగా చెప్పినది. భారతదేశము 2007లో దానిని ధ్రువీకరించినది. దానికి అనుగుణముగా 2016లో వచ్చిన మన చట్టము ప్రభుత్వ ఉద్యోగములలో 4 శాతము స్థానములను కేటాయించినది. ఉద్యోగ విషయములలో వివక్ష చూపరాదని ప్రభుత్వ సంస్థలను శాసించినది. ప్రైవేటు యజమానులకు మాత్రము ప్రోత్సాహకములు చూపి ఊరకున్నది. మన దేశములో ఎక్కువమంది పని చేయునది ప్రభుత్వ కార్యాలయములలో కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వారిలో పని చేయుచున్నవారు 36 శాతము. స్త్రీలలో ఆ సంఖ్య 23 శాతమే. టైలరు దుకాణములో, ఇటుకబట్టీలో, పిండిమరలో వీరికి ఎంత ముట్టుచున్నదో ఏ ధ్రువపత్రములోను వ్రాసి యుండదు. అమెరికాలో కాగితముమీద జరిగినది ఇచ్చట నోటిమాటతో జరిగిపోవును.

అయితే మన ప్రాంతమున ఒక మంచి ఆలోచన కూడ పుట్టినది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము అమలులో, ఉమ్మడి ఆంధ్రప్రదేశములో వికలాంగులకు ప్రత్యేకముగా శ్రమశక్తి సంఘములను ఏర్పరచిరి. వారు త్రవ్వవలసిన మట్టి కొలతను తగ్గించి, కూలిని తగ్గింపకుండిరి. చూచుటకు ఇది చిన్న సవరణ. కాని దానిలో సిద్ధాంతము తలక్రిందులైనది. అమెరికా లెక్కలో పని ప్రమాణము కదలదు, కూలి కుంగును. ఈ లెక్కలో కూలి కదలదు, పని ప్రమాణము మనిషికి తగినట్లు వంగును.

ఉపాధ్యాయులకు ఇది క్రొత్త సంగతి కాదు. పరీక్షలలో చూపు లేని విద్యార్థికి, చేతులు ఆడని విద్యార్థికి గంటకు 20 నిమిషముల చొప్పున అదనపు కాలము ఇత్తురు. అవసరమైనచో వ్రాయుటకు సహాయకుని ఇత్తురు. ఎక్కువ కాలము తీసికొన్నాడు గనుక మార్కులలో మూడవ వంతు తగ్గింపవలెనని ఏ పరీక్షాధికారియు అనడు. ఒప్పు సమాధానము ఎంతసేపటికి వచ్చినను ఒప్పే. పరీక్షాగదిలో అందరును అంగీకరించిన ఈ న్యాయము బడి గేటు దాటి కర్మాగారపు గేటువద్దకు పోవునప్పటికి ఎందుకు ఆగిపోవలెను?

బడి చేయదగిన పని కొంత కలదు. వికలాంగుడైన విద్యార్థికి ఏ పని వచ్చునో ముందే నిర్ణయింపక, నాలుగు పనులు చూపవలెను. కొవ్వొత్తులు, సుద్దముక్కలు, కుర్చీల అల్లిక మంచి పనులే. అవి తప్ప వేరు పనులు లేవను భావమే చెడ్డది. అట్టి వస్తువులను బడికి కొనునప్పుడు, వికలాంగులు చేసినవను దయతో కొని తృప్తిపడుట చాలదు. చేసినవానికి ఎంత ఇచ్చిరని అడుగవలెను. పైతరగతి విద్యార్థులకు తమ జిల్లాలో ప్రకటించిన కనీస వేతనమెంతో తెలియజెప్పవలెను. రేపు వారిలో కొందరు కూలి పుచ్చుకొనువారు, కొందరు కూలి ఇచ్చువారు కాగలరు.

ఇక కాలము–పని లెక్క చెప్పునపుడు ఒక చిన్న అలవాటు చేయవచ్చును. రాముడు 10 దినములలో చేసిన పనిని సోముడు 15 దినములలో చేసెనని పిల్లవాడు లెక్క కట్టి జవాబు చెప్పిన పిమ్మట, ఉపాధ్యాయుడు మరియొక ప్రశ్న వేయవలెను: సోముని చేతికి ఏ పనిముట్టు ఇచ్చిరి?